పెట్టె మీద మసాజర్, లోపల మరో మాట: మ్యాజిక్ వాండ్ మూడు మోడళ్ల సమీక్ష

మ్యాజిక్ వాండ్ అనే కంపించే యంత్రాన్ని కొనేవాళ్లలో ఎక్కువమంది దాన్ని ఎందుకు కొంటారో అందరికీ తెలుసు, ఒక్క దాని పెట్టెకు తప్ప. పెట్టె మీద ‘పర్సనల్ మసాజర్’ అనే ఉంటుంది. జపాన్ కంపెనీ హిటాచీ 1960ల చివర్లో ఒళ్లు నొప్పుల కోసమని దీన్ని తెచ్చింది. 1970ల్లో న్యూయార్క్‌లో లైంగిక విద్య బోధించే బెట్టీ డాడ్సన్ మహిళల కోసం నడిపిన వర్క్‌షాపుల్లో ఇది స్వయంతృప్తి సాధనంగా చేతులు మారింది. అప్పటి నుంచి తయారుచేసినవాళ్లు ఒక పని చెబుతుంటే కొన్నవాళ్లు ఇంకో పనికి వాడుతూ వచ్చారు. చివరికి 2013లో హిటాచీ తన పేరు దీని మీద ఉండొద్దనుకుంది. అమ్మకాలు చూసే వైబ్రాటెక్స్ సంస్థ నచ్చజెప్పడంతో తయారీ ఆగలేదు గానీ, పెట్టె మీద హిటాచీ అనే మాట మాయమైంది.

ఈ దాగుడుమూతల కథ ముచ్చటగానే ఉంటుంది. నష్టం మాత్రం కొన్నవాళ్లదే. వీపు రుద్దుకోవడానికే అన్నట్టు అమ్మే వస్తువుతో వీపుకు కావలసిన జాగ్రత్తలే వస్తాయి. చివరన కంపించే గుండ్రటి తల ఏ పదార్థంతో చేశారు, ఏ జెల్ వాడొచ్చు, ఇద్దరు వాడితే మధ్యలో ఏం చెయ్యాలి, లోపలికి పెట్టొచ్చా, తిమ్మిరెక్కితే భయపడాలా వంటి ప్రశ్నలకు జవాబు కోసం కొన్నవాళ్లు వేరే చోట వెతుక్కోవాలి. అందుకే ఈ సమీక్షలో యంత్రంతో పాటు పెట్టె చెప్పని సంగతులకూ సమానంగా చోటిస్తున్నాం. ఒరిజినల్, ప్లస్, రీచార్జబుల్ అనే మూడు మోడళ్ల గురించే ఇక్కడి చర్చ.

ముందు మోటారు సంగతి. పొడవాటి పిడి చివర గుండ్రటి తల ఉండే వైబ్రేటర్లను వాండ్లంటారు. చవక వాండ్లలో చాలావాటికి మోటారు తలలోనే ఉంటుంది. మ్యాజిక్ వాండ్‌లో అది పిడి భాగంలో ఉంటుంది. అక్కడి నుంచి వంగే మెడ గుండా తిప్పుడు పైకి వెళ్లి, తలలో ఉన్న ఒక పక్కకు ఒరిగిన బరువును తిప్పుతుంది. ఆ బరువు పెద్దది, దాని ఊపూ పెద్దదే. కాబట్టి కదలిక చర్మం పైపైన జుమ్ముమనకుండా లోతుకు దిగుతుంది. వైబ్రేటర్ల గురించి తెలిసినవాళ్లు దేన్నైనా రెండు కొలతలతో చూస్తారు: సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోంది, ప్రతిసారీ ఎంత దూరం ఊగుతోంది. చిన్న బుల్లెట్ వైబ్రేటర్లు చాలా వేగంగా ఊగుతాయి, కానీ ఊపు వెంట్రుకవాసే. వాటి దగ్గర దోమ రొద, తిమ్మిరి రెండూ ఎక్కువ. ఒరిజినల్‌కు రెండే వేగాలు, నిమిషానికి 5000, 6000 చుట్లు. అంటే సెకనుకు దాదాపు 83, 100 ఊపులు. అంకెగా చూస్తే ఇది పెద్ద వేగమేమీ కాదు, బలమంతా ఊపు వెడల్పులో ఉంది. వెన్నుపాము దెబ్బతిన్న పురుషుల నుంచి వీర్యం సేకరించడానికి వైద్యులు వాడే ప్రత్యేక వైబ్రేటర్లు కూడా 100 హెర్ట్జ్ (సెకనుకు 100 ఊపులు), 2.5 మిల్లీమీటర్ల ఊపు వెడల్పు దగ్గరే బాగా పనిచేస్తాయని తేలింది.

ఈ బలమే ఒరిజినల్‌కు గొప్ప, తలనొప్పి కూడా. దాని తక్కువ వేగమే చాలామందికి ఎక్కువ. మొదటిసారి వైబ్రేటర్ పట్టేవాళ్లకు దీన్నివ్వడం గోటితో పోయేదానికి గొడ్డలి అందించడమే. నాలుగు మడతల తువ్వాలు మధ్యలో పెట్టుకుంటే ఊపు తగ్గుతుంది. చాలామంది చేసేదీ అదే. ఒక యంత్రం కొని దాన్ని భరించడానికి తువ్వాలు వెతుక్కోవడం డిజైన్ లోపం కాదా అంటే, అవును, లోపమే. ఆ లోపాన్ని సరిచేస్తూ వచ్చినవే మిగతా రెండు మోడళ్లు. ప్లస్‌లో నాలుగు వేగాలు, సిలికాన్ తల, ఊడదీసుకునే వైరు ఉంటాయి. 2015లో వచ్చిన రీచార్జబుల్‌లో నాలుగు వేగాలకు తోడు నాలుగు రకాల లయలు, సిలికాన్ తల, బ్యాటరీ ఉంటాయి. ఈ రెండింటిలోనూ అన్నిటికన్నా తక్కువ వేగం, ఒరిజినల్ తక్కువ వేగం కన్నా చాలా మెత్తగా ఉంటుంది. లయల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఆగి ఆగి వచ్చే ఊపు మొదట్లో సరదాగా అనిపించినా, అసలు సమయానికి చాలామంది నిలకడైన ఊపు మీదికే వస్తారు. లయల కోసమని అదనంగా ఖర్చు పెట్టనక్కర్లేదు.

బరువు విషయంలో మూడూ బరువే. పొడవు సుమారు 30 సెంటీమీటర్లు, బరువు అర కిలో పైచిలుకు. వేళ్ల కీళ్లు నొప్పి పెట్టేవాళ్లు చేత్తో ఎత్తి పట్టుకోకుండా తొడ మీదో దిండు మీదో ఆనించి వాడాలి. తలను గట్టిగా అదమకూడదు. మెడ వంగుతుంది కదా అని బరువంతా దాని మీద వేస్తే తిరిగే భాగం వంకరగా తిరుగుతుంది. కొన్ని నెలలకు గరగరమనే చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు వచ్చాక దాన్ని ఆపే దారి ఇంట్లో లేదు.

చప్పుడు అనగానే అందరూ అడిగేది ఒకటుంది: పక్క గదికి వినిపిస్తుందా? వినిపిస్తుంది. కాకపోతే అది కీచుమనే శబ్దం కాదు, బొంగురు గుంయ్‌మనే శబ్దం. తలుపు వేస్తే కొంత తగ్గుతుంది. చెక్క మంచానికో గోడకో పిడి తగిలితే చెక్కే తబలాలా మోగుతుంది. దుప్పటి కింద, పరుపుకు ఆనించి ఉంచితే సగం శబ్దం అక్కడే ఇంకిపోతుంది. శబ్దమే అసలు అడ్డంకి అయితే వాండ్ జాతి మొత్తం మీకు పనికిరాదు, అరచేతిలో ఇమిడే సిలికాన్ వైబ్రేటర్లు చూడండి.

ఇక కరెంటు. ఒరిజినల్ పాడవడానికి ఇదొక పెద్ద కారణం. అమెరికాలో అమ్మే ఒరిజినల్ 110 నుంచి 120 వోల్టుల కోసం తయారైంది. 220-240 వోల్టులు వచ్చే దేశాల్లో నేరుగా పెడితే మోటారుకు అందే శక్తి దాదాపు నాలుగింతలవుతుంది. కాసేపు బ్రహ్మాండంగా తిరిగి, కాలిన వాసన వచ్చి, శాశ్వతంగా ఆగిపోతుంది. ప్రయాణాలకు వాడే ప్లగ్ అడాప్టర్ వోల్టేజీ తగ్గించదు, పిన్నుల ఆకారం మాత్రమే మారుస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ పరికరం అడుగున రాసిన వాట్లకు రెట్టింపు సామర్థ్యం ఉన్నది. అంత బాధ ఎందుకనుకుంటే చార్జర్ మీద ‘100-240’ అని రాసి ఉన్న మోడల్ తీసుకోవడం తేలిక. పెట్టె మీద రాతను కాకుండా చార్జర్ మీద రాతను నమ్మండి.

వేడి గురించి. ఒరిజినల్‌ను ఒకేసారి 25 నిమిషాలకు మించి వాడొద్దు, ఆ తర్వాత 30 నిమిషాలు చల్లారనివ్వండి అని తయారీదారే చెబుతాడు. గాలి ఆడక మోటారు వేడెక్కే యంత్రం ఇది. దుప్పటి కింద వాడితే ఇంకా తొందరగా వేడెక్కుతుంది. శబ్దం తగ్గించే ఉపాయమే వేడి పెంచుతుందన్నమాట. పిడి వెచ్చగా అనిపిస్తే ఆపడానికి అది సరైన గుర్తు. రీచార్జబుల్ 20 నిమిషాలకు తనంతట తానే ఆగిపోతుంది. సరిగ్గా ఆగకూడని క్షణంలో ఆగిందని తిట్టుకునేవాళ్లు ఉంటారు, కానీ వాడుతూ నిద్రలోకి జారుకునేవాళ్లకు అది మేలు. బటన్ మళ్లీ నొక్కితే నడుస్తుంది.

ఇప్పుడు పెట్టె పూర్తిగా మౌనం పాటించే విషయానికి వద్దాం: తల పదార్థం. ఒరిజినల్ తల వినైల్ తరహా మెత్తటి పదార్థం. కంటికి కనిపించని సూక్ష్మ రంధ్రాలుంటాయి. తడి, చెమట, క్రిములు వాటిలో కూర్చుంటాయి. ఎంత తుడిచినా పూర్తిగా శుద్ధి చేయడం కుదరదు. ప్లస్, రీచార్జబుల్ తలలు సిలికాన్. వాటికి ఆ రంధ్రాల బెడద లేదు, సబ్బు నీటి గుడ్డతో తుడిస్తే చాలు. ఈ తేడా చిన్నదేం కాదు. 2014లో అమెరికాలో జరిగిన ఒక చిన్న పరిశోధనలో, శుభ్రం చేసిన 24 గంటల తర్వాత కూడా టీపీఈ అనే మెత్తటి ప్లాస్టిక్ వైబ్రేటర్లలో కొన్నిటి మీద, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయగల హెచ్‌పీవీ వైరస్ ఆనవాళ్లు దొరికాయి, సిలికాన్ వాటి మీద ఆ పాటికి దొరకలేదు. ఒరిజినల్ వాడేవాళ్లు తల మీద కండోమ్ గానీ సిలికాన్ తొడుగు గానీ వేసుకోవడం తప్పనిసరి అనుకోవాలి. ఇద్దరు వాడుతుంటే ఒకరి నుంచి ఇంకొకరికి మారేటప్పుడు కండోమ్ మార్చాలి. ఒకే మనిషి వాడినా మలద్వారం దగ్గర నుంచి ముందుకు తెచ్చేటప్పుడు కూడా మార్చాల్సిందే, మూత్ర ఇన్ఫెక్షన్లకు అది రాచబాట.

కడగడంలో జరిగే పొరపాటు నీళ్లలో ముంచడం. మూడు మోడళ్లలో ఏదీ నీటిలో ముంచేది కాదు. కుళాయి కింద పట్టినా మెడ దగ్గర సందులోంచి నీరు లోపలికి పోతుంది. వైరు ఉన్నదైతే ముందు ప్లగ్ తీసేయాలి. రీచార్జబుల్ చార్జింగ్ రంధ్రం దగ్గర తడి ఆరకుండా చార్జింగ్ పెడితే లోపలి పిన్నులు తుప్పుపడతాయి. గోరువెచ్చటి నీళ్లు, వాసన లేని మెత్తటి సబ్బు, పిండిన గుడ్డ, ఆ తర్వాత ఇంకో తడిగుడ్డ, గాలికి ఆరబెట్టడం. పని అంతే. స్పిరిట్ వాడితే ఒరిజినల్ తల కాలక్రమంలో గట్టిపడి పగులుతుంది. మోటారు లేని పూర్తి సిలికాన్ వస్తువులనైతే మరిగే నీళ్లలో మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచొచ్చు. దీన్ని మాత్రం పొరపాటున కూడా ఉడకబెట్టకండి.

జెల్, అంటే లూబ్రికెంట్, ఎంచుకోవడంలో ఒక చిన్న లెక్క ఉంది. సిలికాన్ తల మీద సిలికాన్ లూబ్ వద్దు, కొన్ని కలయికల్లో ఉపరితలం జిగురు జిగురుగా చెడిపోతుంది. లేటెక్స్ కండోమ్ తొడిగి ఉంటే కొబ్బరి నూనె, వాసెలిన్, బేబీ ఆయిల్ లాంటివేవీ వద్దు. నూనె తగిలిన లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడి చిరుగుతుంది. రెండిటికీ సరిపోయేది నీటి ఆధారిత లూబ్. ఆరిపోతుందని ఇంకా ఇంకా పోసుకుంటారు గానీ రెండు చుక్కల నీళ్లు చల్లితే మళ్లీ జారుడొస్తుంది. సీసా మీద ఆస్మోలాలిటీ (ద్రవంలో కరిగిన పదార్థాల గాఢత) అంకె ఉంటే చూడండి. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచన ప్రకారం అది 1200 దాటకూడదు, 380 లోపు ఉంటే ఇంకా మంచిది. అంకె ఎక్కువైతే లూబ్ కణాల్లోని నీటినే లాగేసి పొరను మండిస్తుంది. అదే సూచన ప్రకారం యోనిలో వాడేదాని పీహెచ్ (ఆమ్లగుణాన్ని చెప్పే కొలత) 4.5 దగ్గర ఉండాలి. ఈ అంకెలు అసలు ముద్రించని సీసాలే ఎక్కువ. సిగ్గు పడుతూ కొనేవాళ్లు లేబుల్ చదవరని అమ్మేవాళ్లకు బాగా తెలుసు.

వాడే పద్ధతి. ఇది పైపైన ఆనించి వాడేది, లోపలికి పెట్టేది కాదు. తల టెన్నిస్ బంతి పరిమాణానికి కాస్త తక్కువ. లోపలికి పెట్టేలా కొన్ని తొడుగులు వేరే కంపెనీలు అమ్ముతాయి. వాటిని తయారీదారు పరీక్షించలేదు, అవి తగిలిస్తే మెడ మీద భారం పెరుగుతుంది. అసలు దీని ఉపయోగం వెలుపలే. యోనిశీర్షం, అంటే క్లిటోరిస్, బయటికి కనిపించే గింజంత భాగం కాదనీ, దాని కాళ్లు, గుబ్బలు యోనికి ఇరుపక్కలా లోపలికి విస్తరించి ఉంటాయనీ ఆస్ట్రేలియా యూరాలజిస్టు హెలెన్ ఓకానెల్ 1998లో వివరంగా చూపించారు. వాండ్ లాంటి వెడల్పు తల ఆ మొత్తం ప్రాంతాన్ని ఒకేసారి కదిలిస్తుంది. కాబట్టి తలను నేరుగా గింజ మీద అదమక్కర్లేదు. పక్కనో, కాస్త పైనో, లోదుస్తుల మీదుగానో ఆనించి, తక్కువ వేగంతో మొదలుపెట్టి, నిమిషానికోసారి చోటు మార్చుతూ ఉండాలి. పురుషులకూ ఇది పనిచేస్తుంది, శిశ్నం కింది వైపు, తల మొదలయ్యే చోట. వృషణాల మీద మాత్రం వద్దు.

కాసేపు తిమ్మిరెక్కడం మామూలే. చేత్తో డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకుంటే వేళ్లు మొద్దుబారినట్టే ఇదీను. ఆపితే నిమిషాల్లో, మహా అయితే కొన్ని గంటల్లో స్పర్శ తిరిగొస్తుంది. ‘అలవాటైతే నరాలు చచ్చిపోతాయి’ అన్న మాటకు ఆధారం లేదు. 2009లో అమెరికాలో 2056 మంది మహిళల మీద జరిగిన సర్వేలో సగానికి పైగా వైబ్రేటర్ వాడినట్టు చెప్పారు. వాడినవాళ్లలో 71.5 శాతం మంది తమకు ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదన్నారు. మిగతావాళ్లు చెప్పినవాటిలో ఎక్కువ కాసేపుండే తిమ్మిరి, మంట వంటివే. ఆ సర్వేకు డబ్బిచ్చింది కండోములు, వైబ్రేటర్లు అమ్మే కంపెనీ అన్న సంగతీ గుర్తుంచుకోవాలి. ఒకే వేగానికి, ఒకే చోటుకు శరీరం అలవాటు పడటం మాత్రం నిజం. మందు సులువు: కొన్ని రోజులు ఆపడం, లేదా చేతికీ యంత్రానికీ మధ్య మార్చుకుంటూ ఉండటం.

‘ఇది వస్తే నేనెందుకు?’ అన్నది తిమ్మిరి కన్నా పెద్ద అడ్డంకి. భాగస్వామి మగవాడైతే ఈ ప్రశ్న తరచూ వస్తుంది, పైకి అనకపోయినా మొహంలో కనిపిస్తుంది. దీనికి ఓదార్పు మాటల కన్నా లెక్క బాగా పనిచేస్తుంది. 2018లో ప్రచురితమైన మరో అమెరికా సర్వేలో సంభోగం ఒక్కటే భావప్రాప్తికి సరిపోతుందని చెప్పిన మహిళలు 18.4 శాతమే. అంటే మిగతా అందరి భాగస్వాములూ చేతకానివాళ్లని కాదు, శరీర నిర్మాణమే అలాంటిది. కళ్లజోడు పెట్టుకుంటే కంటికి పోటీ వచ్చినట్టు కాదు కదా. మాట ఎత్తడానికి పడక మీది సమయం మంచిది కాదు, అప్పుడు ఏం చెప్పినా ఫిర్యాదులాగే వినిపిస్తుంది. పగటిపూట, వేరే పని చేసుకుంటూ, ‘ఇది ఒకసారి చూద్దామా’ అన్నంత తేలిగ్గా అనడం మేలు. పెట్టె తెరవడం, చేతి మీద వేగాలు చూసుకోవడం ఇద్దరూ కలిసి చేయాలి. వద్దంటే వద్దనే అర్థం. బహుమతి అని చెప్పి ముందస్తు మాట లేకుండా చేతిలో పెట్టడం చాలా ఇళ్లలో బెడిసికొడుతుంది. ఇచ్చినవాళ్ల ఉద్దేశం ఏదైనా, అందుకున్నవాళ్లకు అది తమ మీద ఫిర్యాదులా కనిపిస్తుంది.

మాటలే దొరకవు అన్నది కూడా నిజమే. తెలుగులో ఈ అవయవాలకు, ఈ పనులకు ఉన్న మాటల్లో సగం వైద్య గ్రంథానివి, సగం బూతులు. మధ్యలో భార్యాభర్తలు మామూలుగా మాట్లాడుకునే మాట దాదాపు లేదు. అందుకే వైబ్రేటర్, లూబ్, క్లిటోరిస్ అని ఇంగ్లీషు మాటల్ని యథాతథంగా వాడుకోవడంలో తప్పేం లేదు. పరాయి మాటకు సిగ్గు అంటుకుని ఉండదు.

ఈ సిగ్గు ఎప్పటినుంచో ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. 1880ల్లో ఇంగ్లండ్ వైద్యుడు జోసెఫ్ మార్టిమర్ గ్రాన్విల్ కరెంటుతో కంపించే యంత్రం తయారుచేసింది కండరాల నొప్పులకే, అదీ ఎక్కువగా పురుషులకు. మహిళలకు వాడకుండా జాగ్రత్తపడ్డానని ఆయనే రాసుకున్నాడు. ఆ కాలపు డాక్టర్లు హిస్టీరియా చికిత్సగా ఆడవాళ్లకు వైబ్రేటర్లు వాడేవారన్న కథ బాగా ప్రచారంలో ఉంది. చరిత్రకారులు హాలీ లీబర్‌మన్, ఎరిక్ షాట్జ్‌బర్గ్ 2018లో మూల పత్రాలు తిరగేసి దానికి ఆధారాల్లేవని చూపించారు. వినడానికి బాగుంటుంది కాబట్టి ఆ కథ ఇంకా తిరుగుతూనే ఉంది. 20వ శతాబ్దం మొదట్లో వైబ్రేటర్లను పత్రికల్లో ఇంటి సామాను లాగా ప్రకటించేవారు, ఇప్పటి మ్యాజిక్ వాండ్ పెట్టె లాగే అసలు మాట దాటేస్తూ. డెల్ విలియమ్స్ అనే ఆవిడ ఒక పెద్ద దుకాణంలో మసాజర్ కొనబోతే, అమ్మే కుర్రాడు అందరికీ వినపడేలా ‘దేనికీ?’ అని అడిగాడట. ఆ అవమానం నుంచి 1974లో న్యూయార్క్‌లో మహిళల కోసం ఇలాంటి సాధనాలు అమ్మే ఈవ్స్ గార్డెన్ అనే దుకాణం పుట్టింది. ఇటీవలి కాలానికొస్తే, 1998లో అమెరికాలోని అలబామా రాష్ట్రం వీటి అమ్మకాన్నే నిషేధించింది. 2019 నాటి సీఈఎస్ అనే అమెరికా ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనకు సంబంధించి ఒక మహిళల వైబ్రేటర్‌కు అవార్డు ప్రకటించి, వెనక్కి తీసుకుని, విమర్శలొచ్చాక మళ్లీ ఇచ్చారు.

ఈ ఇబ్బందికి సాంకేతికమైన ధర కూడా ఉంది. పిల్లల బొమ్మల్లో ప్లాస్టిక్‌ను మెత్తబరిచే డీఈహెచ్‌పీ వంటి కొన్ని థాలేట్ రసాయనాలు 0.1 శాతం దాటకూడదని ఐరోపా సమాఖ్యలో నిబంధన ఉంది. పెద్దల బొమ్మలు మాత్రం చాలాకాలం ‘వినోదం కోసం మాత్రమే’ అనే ముద్రతో ఏ పరీక్షా లేకుండా తప్పించుకున్నాయి. లోపలికి పెట్టుకునే వస్తువుకు అది వాడుక వస్తువే కాదన్నట్టు లేబుల్ వేశారు. 2021లో వచ్చిన ఐఎస్‌ఓ 3533 ప్రమాణం ఈ వస్తువులకంటూ వచ్చిన మొదటి అంతర్జాతీయ ప్రమాణం. పదార్థాలు, అంచులు, ఇచ్చే సమాచారం వంటివాటి గురించి అది మాట్లాడుతుంది. మలద్వారంలో వాడేదానికి అడుగు భాగం వెడల్పుగా ఉండాలనే సూత్రం కూడా పాఠకులు గుర్తుంచుకోవాల్సిందే. యోనికి లోపల గర్భాశయ ముఖద్వారం దగ్గర ముగింపు ఉంది. పెద్దపేగుకు అలాంటి ఆనకట్ట లేదు, కండరం వస్తువును పైకి లాగేస్తుంది. అలా ఇరుక్కున్నాక సిగ్గుతో గంటల తరబడి ఇంట్లో ప్రయత్నించడం వల్లే పేగు చిరిగే దాకా వెళుతుంది. రాకపోతే ఆస్పత్రికి వెళ్లాలి, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. అక్కడి వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. మ్యాజిక్ వాండ్‌తో ఈ ప్రమాదం లేదు గానీ, దీని తర్వాత కొనే రెండో వస్తువుతో ఉండొచ్చు.

కొందరు డాక్టరును అడిగాకే వాడాలి: పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు. వాచిన చోట, కారణం తెలియని పిక్కనొప్పి ఉన్నచోట పెట్టకూడదని మాన్యువలే హెచ్చరిస్తుంది, అక్కడ రక్తం గడ్డకట్టి ఉండొచ్చు కాబట్టి. వెన్నుపాముకు ఛాతీ ఆరో వెన్నుపూస దగ్గర గానీ, అంతకు పైన మెడ దాకా గానీ దెబ్బ తగిలినవాళ్లకు బలమైన కంపనం వల్ల రక్తపోటు ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరగొచ్చు. వాళ్లు మొదటిసారి వైద్యుల సమక్షంలోనే వాడాలి. మెనోపాజ్ తర్వాత పొడిబారడం, నొప్పి ఉన్నవాళ్లకు వాండ్ బాగానే పనికొస్తుంది, లూబ్ తోడుంటే. నొప్పి మాత్రం తగ్గకపోతే అది యంత్రంతో తీరేది కాదు.

వాండ్‌కు యాప్ లేకపోవడాన్ని కొందరు వెనకబాటు అంటారు. మేం దాన్ని మార్కులు వేసే గుణంగానే చూస్తాం. ఫోనుతో నడిచే వైబ్రేటర్లు తయారుచేసే ఒక కంపెనీ వాడుకరుల అనుమతి లేకుండా వాడుక వివరాలు సేకరించిందని 2016లో దావా పడింది, 2017లో పరిహారానికి ఒప్పుకుని రాజీ చేసుకుంది. గోడ ప్లగ్‌కు ఎవరికీ ఏ కబురూ పంపడం రాదు.

నకిలీలు విపరీతం. ధర అనుమానాస్పదంగా తక్కువ ఉంటే, పెట్టె మీద ఇప్పటికీ ‘హిటాచీ’ అని కొత్తగా ముద్రించి ఉంటే, చేతికి తేలిగ్గా తగిలితే, తెరవగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన కొడితే అది నకిలీయే అనుకోండి. నకిలీ అంటే కేవలం బ్రాండ్ నష్టం కాదు. తల పదార్థం ఏమిటో తెలియదు, వేడెక్కితే ఆగే ఏర్పాటు ఉందో లేదో తెలియదు.

మూడింటిలో మా ఎంపిక ప్లస్. బలం ఒరిజినల్‌కు దగ్గరగానే ఉంది, తల సిలికాన్, మెత్తటి వేగాలున్నాయి, అరిగిపోయే బ్యాటరీ లేదు, వైరు చెడితే వైరే మార్చుకోవచ్చు. వైరు అసలు పనికిరాని ఇళ్లకు రీచార్జబుల్. దాన్ని పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడి అలమరలో పడేయకండి, సగానికి పైగా చార్జితో దాచి రెండు మూడు నెలలకోసారి ఎక్కించండి. లేకపోతే లిథియం బ్యాటరీ మళ్లీ లేవకపోవచ్చు. ఒరిజినల్‌ను ఇప్పటికే బలమైన ఊపు కావాలని తేల్చుకున్నవాళ్లకే సిఫారసు చేస్తాం, తొడుగుతో కలిపి. దాచేటప్పుడు ఏ మోడల్‌నైనా పొడి గుడ్డ సంచిలో విడిగా ఉంచండి. మెత్తటి టీపీఈ, జెల్లీ ప్లాస్టిక్ బొమ్మల్ని ఒకదానికొకటి తగిలేలా పెడితే అంటుకుని కరిగిపోతాయి.

చెడిపోయాక పారేయడం కూడా ఒక పనే. చాలామంది ఎవరికీ కనిపించకూడదని నల్ల కవర్లో చుట్టి మామూలు చెత్తలో వేస్తారు. వైరు మోడళ్లతో పెద్ద ప్రమాదం లేదు గానీ, రీచార్జబుల్‌లోని లిథియం సెల్ చెత్త నొక్కే బండిలో నలిగితే అంటుకుంటుంది. తలను కోసి విడిగా పారేసి, మిగిలిన పిడిని పాత ఫోన్లు, చార్జర్లతో కలిపి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. తల లేకపోతే అది బ్యాటరీ ఉన్న తెల్ల ప్లాస్టిక్ గొట్టమే, ఎవరూ రెండోసారి చూడరు.